పోయినేడాది 13 గెలుపులు, ఈ ఏడాది రెండు. మా ఫ్లోరిడా స్టేట్ కాలేజీ (అమెరికన్) ఫుట్‌బాల్ జట్టుకి ఏం పోయేకాలం వచ్చింది?

గార్నెట్_గోదావరి (1 డిసెంబర్ 2024)
నిన్న రాత్రి ఆట అయ్యాక టాలహాసీ నుంచి అట్లాంటాకి నాలుగున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. వెనక సీట్లో పాప చెంపలకి రంగు అలాగే ఉంచుకుని నిద్రపోయింది. నేనూ మా ఆవిడా ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మధ్యలో గ్యాస్ బంకులో ఆగితే అక్కడున్న ముసలాయన నా టోపీ చూసి ఏమీ అనకుండా భుజం తట్టి వెళ్ళిపోయాడు, చావు ఇంట్లో తట్టినట్టు.

31-11. అదీ మన పాత పగవాళ్ళు, ఫ్లోరిడా యూనివర్సిటీ గేటర్ల చేతిలో, మన డోక్ క్యాంప్‌బెల్ స్టేడియంలోనే. సీజన్ మొత్తం 2-10, అంటే రెండు గెలుపులు, పది ఓటములు. సరిగ్గా ఏడాది కిందట ఇదే వారంలో లూయీవిల్‌ని 16-6తో కొట్టి 13-0తో కాన్ఫరెన్స్ (మన కాలేజీల లీగ్) కప్పు ఎత్తిన జట్టు ఇది! నేను ఎంఎస్ చేసిందే అక్కడ, 2013లో జాతీయ ఛాంపియన్లు అయిన సీజన్‌కి విద్యార్థిగా స్టాండ్స్‌లో ఉన్నాను, అందుకే ఇంత మంట. తప్పెవరిది? కోచ్ నార్వెల్‌దా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌దా, లేక మనం దిష్టి తీయించుకోలేదా? ఎవరైనా చెప్పండి, నాకు నిద్ర పట్టేలా లేదు.

గేటర్_గోపి
పడుకో తమ్ముడూ, పొద్దున్న లేచాక కూడా 31-11 అలాగే ఉంటుంది.

పప్పుచారు_పవర్
గోపి మూడు నిమిషాల్లో వచ్చేశాడు. ఇతనికి ఈ సైట్‌లో ఫ్లోరిడా స్టేట్ అన్న మాట పడగానే అలారం మోగుతుందనుకుంటా.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా, నేను ఈ ఆగస్టులోనే టాలహాసీ వచ్చిన. ఆట రూల్స్ ఇప్పటికీ సగం అర్థం కాలే. నాలుగు ఛాన్సులల్ల పది గజాలు పోవాలె, పోతే మళ్ళ నాలుగు ఛాన్సులు, అంతవరకు తెలుసు. మా రూమ్మేట్లు "ఈ ఏడు మన టీం పదో ర్యాంకు, చూడు మజా" అని తోల్కపోయిండ్రు. మజా ఏంది అన్నా, బోస్టన్ కాలేజ్‌తోని ఆట సగం కాంగనే జనం లేచి పోతున్నరు. మాకు పార్కింగ్‌ల బండి ఎక్కడ పెట్టినమో యాదికి లేక ఆఖరు దాంక కూసున్నం.

లెక్కల_మాస్టారు
గోదావరీ, తప్పెవరిదో తరవాత చూద్దాం, ముందు లెక్క చూడు. పన్నెండు ఆటల్లో మనవాళ్ళు చేసిన పాయింట్లు: 21, 13, 12, 14, 16, 13, 16, 14, 11, 3, 41, 11. మొత్తం 185, ఆటకి పదిహేను చిల్లర. అందులో ఆ 41 చార్ల్‌స్టన్ సదరన్ మీద వచ్చింది, వాళ్ళది కింది డివిజను. అది తీసేస్తే ఆటకి పదమూడు. పెద్ద జట్లలో ఎవరి మీదా 21 దాటలేదు, ఆ 21 కూడా మొదటి ఆటలోనే. అంటే ఆగస్టు 24న డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో ఆఖరి కిక్‌తో 24-21గా ఓడిన రోజే మన బ్యాటింగ్ టాప్ స్కోరు అన్నమాట. డిఫెన్స్ ఆటకి 28 ఇచ్చింది. అదేం గొప్ప కాదు, కానీ పదమూడు కొట్టే జట్టుకి ఏ డిఫెన్స్ అయినా ఏం చేస్తుంది?

గార్నెట్_గోదావరి
డబ్లిన్ సంగతి ఎత్తకండి మాస్టారూ. మా ఆఫీసులో సగం మంది జార్జియా టెక్ వాళ్ళే. ఆ సోమవారం నా డెస్క్ మీద ఎవడో ఐర్లాండ్ జెండా పెట్టాడు. నవంబర్ వరకు తీయనివ్వలేదు.

డల్లాస్_డప్పు
డల్లాస్‌లో ఎస్‌ఎంయూ ఆటకి నేను వెళ్ళాను. సెప్టెంబర్ 28. వాళ్ళు ఈ ఏడే ఈ కాన్ఫరెన్స్‌లోకి వచ్చారు, కొత్త పెళ్ళికొడుకుల్లా హుషారుగా ఉన్నారు. 42-16. మా గ్యాంగ్‌లో ఆరుగురం మన గార్నెట్ రంగు చొక్కాలతో వెళ్ళి మూడో క్వార్టర్‌కి జాకెట్ జిప్పులు పైదాకా పెట్టుకుని కూర్చున్నాం, ఉక్క పోసేస్తున్నా సరే. ఆ ఆటలోనే డీజే చెయ్యి దెబ్బ తిని మిగతా సీజన్‌కి కూర్చున్నాడు.

పప్పుచారు_పవర్
డీజే అంటే మన క్వార్టర్‌బ్యాక్ ఉయాంగలలేయ్ కదా. క్లెమ్సన్‌లో పెట్టారు, ఒరెగాన్ స్టేట్‌లో పెట్టారు, చివరికి మనం పెట్టుకున్నాం. మా ఊళ్ళో వినాయకచవితికి పెట్టిన డీజేకి ఇంతకంటే ఊపు ఉంది.

గేటర్_గోపి
మాకూ డీజేనే ఉన్నాడు, లాగ్‌వే. నిన్న మీ ఊళ్ళోనే మోగించి వచ్చాడు.

మోడరేటర్
డీజే జోకులు ఇక్కడితో ఆపండి, ఇప్పటికే ఏడు తీసేశాను.

కబడ్డీ_కూత
పదిహేనేళ్ళ నుంచి అమెరికాలో ఉన్నా ఈ ఆట నాకు ఎక్కలేదు గానీ ఈ బాధ మాత్రం బాగా తెలుసు. తెలుగు టైటాన్స్ అభిమానిని మరి. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో 22 ఆటలకి మా గెలుపులు రెండు. దానికి ముందు సీజన్‌లోనూ రెండే. మీది ఒక్క సీజనే కదండీ, అలవాటు పడతారు.

లెక్కల_మాస్టారు
అసలు పోలిక డెక్కన్ ఛార్జర్స్‌తో పెట్టాలి. 2008లో గిల్‌క్రిస్ట్, గిబ్స్, లక్ష్మణ్, అఫ్రిదీ అందరూ ఉండి 14లో రెండే గెలిచి ఆఖరున నిలబడ్డాం. మరుసటి ఏడు కప్పు. సన్‌రైజర్స్ కూడా అంతే, 2023లో పదో స్థానం, 2024లో ఫైనల్. మనకి కింది నుంచి పైకి లేవడం తెలుసు. ఫ్లోరిడా స్టేట్ దాన్ని తిరగేసి చూపించింది.

గార్నెట్_గోదావరి
ఐపీఎల్‌లో వేలం ఉంటుంది మాస్టారూ, ఆఖరున ఉన్నవాడికీ అంతే డబ్బు. ఇక్కడ అలా కాదు. ఓడితే హైస్కూల్ కుర్రాళ్ళు మన వైపు చూడరు, ఉన్నవాళ్ళు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని ఎక్కువ డబ్బులిచ్చే కాలేజీకి పోతారు. నా అనుమానం అంతా ఆ పోర్టల్ మీదే. నార్వెల్ ప్రతి ఏడూ పక్క కాలేజీల నుంచి రెడీమేడ్ కుర్రాళ్ళని తెచ్చి జట్టు కట్టాడు. అద్దె ఇంట్లో ఎంత బాగా సున్నం వేస్తే ఏం లాభం?

డల్లాస్_డప్పు
ఆ మాట ఒప్పుకోను. 13-0 జట్టు కూడా పోర్టల్ జట్టే బ్రో. జారెడ్ వెర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి, ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి, ట్రే బెన్సన్ ఒరెగాన్ నుంచి, జానీ విల్సన్ అరిజోనా స్టేట్ నుంచి. అప్పుడు నువ్వే ఈ సైట్‌లో "నార్వెల్ పోర్టల్ కింగ్" అని పోస్టు పెట్టావ్, నాకు గుర్తుంది.

గార్నెట్_గోదావరి
పెట్టాను. తీసేశాను కూడా.

లెక్కల_మాస్టారు
ఇద్దరిదీ సగం సగం నిజం. వెర్స్, బెన్సన్, విల్సన్ ముగ్గురూ 2022 నుంచే ఉన్నారు, 2023 నాటికి ఇంటివాళ్ళయిపోయారు. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కూడా లూయీవిల్ నుంచి వచ్చినవాడే, కానీ 2019లో వచ్చాడు. 2020లో నార్వెల్ తొలి ఏడాది 3-6, మరుసటి ఏడు 5-7, ఆ రెండేళ్ళూ దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. అంటే అద్దెకి వచ్చినవాళ్ళే, కాకపోతే అరుగు మీద కూర్చుని ఊరి సంగతులన్నీ తెలుసుకున్నవాళ్ళు. ఆ జట్టులో పదిమంది ఒకేసారి 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో వెళ్ళిపోయారు. పది! ఖాళీ అయిన గదులన్నిటికీ ఒకే వేసవిలో కొత్తవాళ్ళని దింపారు. సామాన్లు సర్దుకునేలోపే డబ్లిన్ ఆట వచ్చింది.

ఉప్మా_అక్క
మీరందరూ బంతి పట్టుకునేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా వాడు హైస్కూల్ జట్టులో లెఫ్ట్ గార్డ్ ఆడతాడు, పదకొండో క్లాసు. అవును, ఆశ్చర్యపోకండి, తెనాలి వాళ్ళ మనవడే, ఆరడుగుల రెండంగుళాలు, పొద్దున్నే ఎనిమిది గుడ్లు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు "వీడికి బంతి ఒక్కసారి కూడా ఇవ్వరేమే, వివక్షా?" అని అడిగారు. నేను వాడి ప్రాక్టీసు వారానికి మూడు రోజులు కంచె అవతల నిలబడి చూస్తాను. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఆ లైన్‌లో ఐదుగురు ఉంటారు. కోచ్ వాళ్ళ చేత బంతి లేకుండా ఒట్టి మొదటి అడుగు వేయిస్తాడు, నలభై సార్లు, యాభై సార్లు. ఐదు కుడికాళ్ళు ఒకేసారి లేవాలి. ఒక్కడు అరక్షణం ఆలస్యంగా లేస్తే ఆ సందులోంచి అవతలివాడు దూరి వచ్చేస్తాడు, ఇక వెనక ఎంత గొప్ప డీజే ఉన్నా (సారీ మోడరేటర్ గారూ) నేల కరవాల్సిందే.

ఈ ఏడు ఫ్లోరిడా స్టేట్ ఆటలు మావాడితో కూర్చుని నాలుగు చూశాను. వాడు బంతిని చూడడు, లైన్‌నే చూస్తాడు. మెంఫిస్ ఆటలో రెండో క్వార్టర్‌కే "మామ్, వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవట్లేదు" అన్నాడు. పరుగు ఆట లేదు, పాస్ వేయడానికి టైము లేదు. మిగతావన్నీ దాని తరవాతే.

పప్పుచారు_పవర్
అక్కా, ఈ థ్రెడ్‌లో పనికొచ్చే మాట ఇదే మొదటిది. ఎనిమిది గుడ్లు ఉడకబెట్టా, ఆమ్లెట్టా?

ఉప్మా_అక్క
ఐదు ఉడకబెట్టి, మూడు పొరటు.

ఓరుగల్లు_బిడ్డ
మెంఫిస్ అంటే యాదికొచ్చింది. ఆ టీంకి మన కోచ్ ఇంతకుముందు కోచ్ అట కద?

డల్లాస్_డప్పు
అవును, 2016 నుంచి 2019 దాకా. డబ్బిచ్చి మరీ పిలిచాం వాళ్ళని, వచ్చి 20-12తో కొట్టి చెక్కు పట్టుకుని పోయారు. పాత అల్లుడింటికి వచ్చి విందు తిని, వెండి గ్లాసు కూడా సంచిలో వేసుకుపోయినట్టు.

గార్నెట్_గోదావరి
నాకు మెంఫిస్ కంటే డ్యూక్ ఎక్కువ నొప్పి. అక్టోబర్ 18, శుక్రవారం రాత్రి, 23-16. అంతకుముందు వాళ్ళతో 22 సార్లు ఆడితే 22 సార్లూ మనమే గెలిచాం. డ్యూక్ అంటే బాస్కెట్‌బాల్ కాలేజీరా బాబూ! ఆ తరవాత దీపావళి. మా ఇంట్లో పార్టీ నవంబర్ 2న శనివారం పెట్టుకున్నాం, అదే టైముకి నార్త్ కరోలైనాతో ఆట. వాకిట్లో పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తున్నారు, నేను పూరీల పిండి కలుపుతూ కౌంటర్ మీద ఫోన్ పెట్టుకుని చూస్తున్నాను. 35-11. పిండి రాయి అయిపోయింది. మా ఆవిడ ఆ పూరీలని ఇప్పటికీ "నార్వెల్ పూరీలు" అంటోంది.

రాజమండ్రిలో మా నాన్నకి ఈ ఆట గురించి ఒక్క ముక్క తెలియదు, కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే వీడియో కాల్‌లో "ఏరా, మీ వాళ్ళు?" అని అడుగుతారు. నోట్రడామ్‌తో 52-3 అయిన మర్నాడు నా మొహం చూసి అడగలేదు. "టిఫిన్ తిన్నావా" అన్నారు.

కబడ్డీ_కూత
ఆ "టిఫిన్ తిన్నావా" చదివి నాకు ఏడుపొచ్చింది. ఆటే తెలియని నాకు.

వైజాగ్_వాకోవర్
అసలు ఇంత ఓడినా కోచ్‌ని ఎందుకు పీకట్లేదు? మా కంపెనీలో రెండు క్వార్టర్లు టార్గెట్ పోతే మేనేజర్ ఐడీ కార్డు పనిచేయదు.

లెక్కల_మాస్టారు
పీకాలంటే డబ్బు కట్టాలి. 2024 జనవరిలో అలబామా కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యాడు, ఆ కుర్చీకి నార్వెల్ పేరు వినిపించింది, వీళ్ళు కంగారుపడి 2031 దాకా కాంట్రాక్టు రాసిచ్చారు, ఏడాదికి సగటున కోటి డాలర్ల పైన. ఇప్పుడు మధ్యలో పొమ్మంటే కట్టాల్సింది ఆరు కోట్ల డాలర్ల పైమాటే. మన లెక్కలో 500 కోట్లు. అందుకే నోట్రడామ్ ఆట మర్నాడే అఫెన్స్ కోచ్ అట్కిన్స్, డిఫెన్స్ కోచ్ ఫుల్లర్, రిసీవర్ల కోచ్ డుగన్స్‌ని పంపించారు. పెళ్ళికొడుకు మీద కోపం తోడుపెళ్ళికొడుకుల మీద తీర్చుకున్నట్టు.

వైజాగ్_వాకోవర్
500 కోట్లా?! ఓడిపోవడానికి నేను వందకే ఒప్పుకుంటాను, నా రెజ్యూమే ఎవరికి పంపాలి?

డల్లాస్_డప్పు
టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళు 2023లో జింబో ఫిషర్‌ని పంపడానికి ఏడున్నర కోట్ల డాలర్ల పైన ఒప్పుకున్నారు. మనకి 2013 కప్పు తెచ్చిన జింబోనే. ఈ దేశంలో కోచ్‌గా గెలిచినదానికంటే తీసేయించుకున్నదానికి గిట్టుబాటు ఎక్కువ.

గార్నెట్_గోదావరి
సరే, కోచ్, లైన్, పోర్టల్ అన్నీ ఒప్పుకుంటా. కానీ నా మనసులో ఇంకోటి ఉంది. అసలు విరిగింది ఈ ఏడు కాదు. 2023 నవంబర్ 18న నార్త్ అలబామా లాంటి చిన్న జట్టు మీద ట్రావిస్ కాలు విరిగింది చూడండి, అప్పుడే. ఆ తరవాత కూడా ఫ్లోరిడా మీద గెలిచారు, లూయీవిల్ మీద గెలిచారు, 13-0తో నిలబడ్డారు. అయినా జాతీయ కప్పు కోసం ఆడే నాలుగు జట్లని ఎంచే ప్లేఆఫ్ కమిటీ మనకి చోటివ్వలేదు. ఒక్క ఓటమి ఉన్న అలబామాకి ఇచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్ గెలిచి ఒక్కటీ ఓడని జట్టుని పక్కన పెట్టడం, ఈ ప్లేఆఫ్ మొదలయ్యాక, అదే మొదటిసారి. ఆ రోజు టీవీలో మన కుర్రాళ్ళ మొహాలు చూపించారు. నెల తిరక్కుండా సగం జట్టు సీజన్ చివరి ఆట ఆరెంజ్ బౌల్‌కి దిగలేదు, జార్జియా 63-3తో తొక్కేసింది. అన్నీ గెలిచినా ఇవ్వరు అని తెలిశాక ఎవడికి ఆడబుద్ధవుతుంది?

లెక్కల_మాస్టారు
ఇది సెంటిమెంటు. కమిటీ మీద కోపం నాకూ ఉంది, కానీ 2024లో ఆడినవాళ్ళలో చాలామంది ఆ రోజు ఆ గదిలోనే లేరు. వాళ్ళ కాళ్ళు ఒకేసారి లేవకపోవడానికి కమిటీకి ఏం సంబంధం? ఉప్మా అక్క మాటే నా మాట. ఇంకో సంగతి, ఈ కాలేజీ 1973లో 0-11, 1974లో 1-10. తరవాత 1976లో బాబీ బౌడెన్ వచ్చాడు, మొదటి ఏడు 5-6, ఆ తరవాత ముప్పై మూడేళ్ళు ఉండి ఇంకొక్క సీజన్ కూడా మైనస్‌లో ముగించలేదు, 1993, 1999లో రెండు కప్పులు. గుంట మనకి కొత్త కాదు.

గేటర్_గోపి
జోకులు పక్కన పెట్టి చెప్తున్నా, గోదావరీ. నిన్న నేనూ స్టేడియంలో ఉన్నా. ఆట అయ్యాక మావాళ్ళు మీ గ్రౌండ్ మధ్యలో జెండా పాతబోతే తోపులాట అయింది కదా, మీ నార్వెల్ వచ్చి ఆ జెండా తీసి విసిరేశాడు. నా పక్కన ఒక మీ ముసలావిడ, ఎనభై ఉంటాయి, అంతసేపూ పల్లీలు ఒలుచుకుంటూ మాట్లాడకుండా కూర్చుంది, అప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "ఈ ఏడాదిలో మావాళ్ళు సరిగ్గా చేసిన టాకిల్ ఇదొక్కటే" అంది. నాకూ నవ్వొచ్చింది. పల్లీలు పెట్టింది.

ఓరుగల్లు_బిడ్డ
స్టేడియం కాడ ఒక చిన్న శ్మశానం లెక్క ఉంది, రాళ్ళ మీద స్కోర్లు రాసి ఉన్నయ్. అదేంది?

గార్నెట్_గోదావరి
సాడ్ సెమెటరీ తమ్ముడూ, సాడ్ (sod) అంటే గడ్డిపెళ్ల. 1962 నుంచి ఉంది. ఓడతారనుకున్న చోటికి వెళ్ళి గెలిచినా, గేటర్ల ఊళ్ళో గెలిచినా, కెప్టెన్లు ఆ గ్రౌండ్ నుంచి గడ్డిపెళ్ల ఒకటి కోసుకొచ్చి అక్కడ పాతిపెడతారు, పైన స్కోరుతో ఫలకం. ఈ ఏడు గెలిచిన రెండూ ఇంట్లోనే, కాల్ మీద 14-9, ఇంకోటి చార్ల్‌స్టన్. పెళ్ల లేదు, ఫలకం లేదు.

పప్పుచారు_పవర్
బయటి గడ్డి దొరక్కపోయినా మనవాళ్ళు గడ్డి బాగానే కరిచారు.

లెక్కల_మాస్టారు (డిసెంబర్ 2024)
వార్త: నార్వెల్ 2025 జీతంలోంచి 45 లక్షల డాలర్లు వదులుకుంటున్నాడు. అఫెన్స్‌కి గస్ మాల్జాన్, డిఫెన్స్‌కి టోనీ వైట్ వస్తున్నారు.

వైజాగ్_వాకోవర్
మా మేనేజర్‌కి ఈ లింకు పంపాను. చూశాడు. జవాబివ్వలేదు.

గార్నెట్_గోదావరి (31 ఆగస్టు 2025)
పాత థ్రెడ్ తవ్వుతున్నా. అలబామా మీద 31-17!!! మన ఊళ్ళో! కొత్త కుర్రాడు కాస్టెల్లానోస్ వేసవంతా నోరు పారేసుకుంటే తిట్టాను, క్షమించు నాయనా. నాన్న ఫోన్ చేయకముందే నేనే చేశాను. అక్కడ తెల్లవారి లేచి పాలవాడితో మాట్లాడుతున్నారు, "మావాడి జట్టు గెలిచిందంట" అని పాలవాడికి చెప్పడం వినిపించింది.

ఉప్మా_అక్క
లైన్ చూశారా? ఐదు కాళ్ళు ఒకేసారి లేచాయి. మావాడు సోఫా మీదకెక్కి అరిచాడు, సోఫా కాలు విరిగింది.

గేటర్_గోపి
మా సంగతి అడక్కండి. మాకూ మంచి రోజులొస్తాయి.

లెక్కల_మాస్టారు (30 నవంబర్ 2025)
మూడు గెలిచి ఆకాశంలో ఉన్నాం, వర్జీనియాలో రెండు ఓవర్‌టైముల తరవాత 46-38, అక్కడ జారాం. మియామీ, పిట్, స్టాన్‌ఫర్డ్ చేతుల్లో వరసగా ఓడాం. చివర నిన్న గేటర్ల చేతిలో 40-21. 5-7. నార్వెల్ వచ్చే ఏడూ ఉంటాడట.

గేటర్_గోపి
మేం 4-8. మధ్యలో కోచ్‌ని కూడా తీసేశాం. కానీ ఆ నాలుగులో మీరున్నారు.

ఓరుగల్లు_బిడ్డ
నిన్న గేటర్ల ఊరు గేన్స్‌విల్ పోయినం అన్నా, నేనూ రూమ్మేట్లూ. ఈసారి రూల్స్ మొత్తం తెలుసు, అదే ఎక్కువ బాధ అయితున్నది. శ్మశానంల ఈ ఏడు గూడ కొత్త పెళ్ల లేదు.

గార్నెట్_గోదావరి
రెండేళ్ళయింది, ఆఖరి పెళ్ల తెచ్చింది 2023లోనే. వచ్చే ఏడు టికెట్లు కొనొద్దని మా ఆవిడ. పాప అప్పుడే చెంపల రంగు డబ్బా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది, ఎండిపోకుండా ఉంటుందట.

పప్పుచారు_పవర్
పెరుగు గిన్నె పక్కన పెట్టొద్దని చెప్పు.